నెల సరుకుల బిల్లులో చిరుతిండ్ల వాటా ఎంత?

నెల మొదటి ఆదివారం నాడు పంజగుట్ట, అమీర్‌పేట, బంజారా హిల్స్ ప్రాంతాలలోని ఏ పెద్ద సరుకుల దుకాణంలో చూసినా ట్రాలీల అమరిక ఒక్క తీరుగానే ఉంటుంది. బియ్యం, కందిపప్పు, నూనె అడుగున ఉంటాయి. వాటిపైన బిస్కెట్లు, చిప్సు, మిక్స్చరు, నూడుల్సు, శీతల పానీయాల సీసాలు గుట్టగా పేరుకొని ఉంటాయి. అయినా ఆ గృహస్థును "మీ ఇంట్లో చిరుతిండ్లు ఏపాటి కొంటారండీ?" అని అడిగితే, "పెద్దగా కొనమండీ, పిల్లల కోసం ఏదో కాస్త" అనే సమాధానమే వస్తుంది. ఆయన అబద్ధమాడడం లేదు, నిజంగానే అలా నమ్ముతున్నాడు. బియ్యం బస్తా ఎన్నాళ్ళు వస్తుందో, పాల లెక్క నెలకు ఎంతవుతుందో తడుముకోకుండా చెప్పగల ఇల్లాలు కూడా బిస్కెట్ల లెక్క చెప్పలేదు. స్థౌల్యం, మధుమేహం, రక్తపోటు గలవారికి పథ్యం నిర్ణయించవలసి వచ్చినప్పుడు ఈ తెలియని లెక్కే అడ్డుపడుతుంది. అన్నం తగ్గించాము, ఉప్పు తగ్గించాము, నూనె తగ్గించాము అంటారు. గుణం మాత్రం కనిపించదు.

ఈ విషయాన్ని తేలికగా తీసివేయడానికి వీలులేదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో ప్రచురితమైన అధ్యయనం మన దేశంలో మధుమేహ రోగులు సుమారు 10.1 కోట్లమంది అని అంచనా కట్టింది. మన నగరంలోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో భారతీయులకు ఆహార మార్గదర్శకాలు వెలువరించింది. అందులోని సూత్రాలు 17. దేశంలోని మొత్తం వ్యాధి భారంలో 56.4 శాతానికి అనారోగ్యకరమైన ఆహారమే కారణమని ఆ సంస్థ పేర్కొన్నది. ఉప్పు, చక్కెర, నూనె మితిమీరిన తయారీ పదార్థాలను తగ్గించాలని, పొట్లం మీది వివరాలు చదివి కొనాలని కూడా ఆ సూత్రాలలో ఉన్నది. తగ్గించాలంటే ముందు ఎంత కొంటున్నామో తెలియాలి కదా!

ఏది లెక్కలోకి వస్తుంది?

ఆహారాన్ని సంస్కరించడం తప్పేమీ కాదు. చరక సంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో ఆహారాన్ని పరీక్షించడానికి ఎనిమిది అంశాలు చెప్పబడ్డాయి. ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగసంస్థ, ఉపయోక్త అనేవి అవి. వీటిలో కరణం అంటే సంస్కారం. నీరు, నిప్పు, కడగడం, చిలకడం వంటి వాటివల్ల పదార్థానికి కొత్త గుణాలు వస్తాయని ఆచార్యులు గుర్తించారు. పెరుగును చిలికితే మజ్జిగ అవుతుంది, గుణం మారుతుంది. వడ్లను పేలాలుగా వేయిస్తే తేలిక అవుతాయి. కాబట్టి సంస్కారం జరిగినదల్లా చెడ్డదనుకోవడం ఆయుర్వేద సమ్మతం కాదు. ఏ సంస్కారం, ఎంత పరిమాణం, ఎవరికి, ఏ వేళలో అన్నవే ప్రశ్నలు.

ఆధునికులు కూడా ఇటువంటి విభజనే చేశారు. బ్రెజిల్ దేశంలోని సావో పావ్‌లో విశ్వవిద్యాలయానికి చెందిన కార్లోస్ మోంటేరో 2009లో ప్రతిపాదించిన ఆలోచన నుంచి 'నోవా' వర్గీకరణ వచ్చింది. ఉన్నదున్నట్టుగానో, కొద్దిపాటి శుద్ధితోనో వాడే ధాన్యాలు, కూరలు, పాలు మొదటి వర్గం. వంటలో వాడే నూనె, ఉప్పు, చక్కెర రెండవది. ఆ రెండింటినీ కలిపి చేసిన సాధారణ తయారీలు మూడవది. ఇంటి వంటగదిలో కనిపించని రుచికారకాలు, రంగులు, నిలవ ఉంచే ద్రవ్యాలు కలిపి కర్మాగారంలో తయారయ్యేవి నాలుగవది. మన లెక్కకు ముఖ్యమైనది ఈ నాలుగవ వర్గమే.

దీన్ని గుర్తుపట్టడానికి ఒక సులువు ఉన్నది. పొట్లం వెనుక దినుసుల జాబితాను చదవండి. బరువును బట్టి ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది తరువాత రాయాలని మన దేశపు నిబంధన. మొదటి మూడు పేర్లు మైదా, పామాయిల్, చక్కెర అయితే ముందువైపు గోధుమ కంకి బొమ్మ ఎంత పెద్దదిగా ఉన్నా దానిని లెక్కలో వేయవలసిందే. జాబితా చివర 627, 631 వంటి అంకెలుంటే అవి రుచిని పెంచే ద్రవ్యాలు. 319 నూనె కాటు వాసన రాకుండా ఆపేది. ఇవి అనుమతి ఉన్న ద్రవ్యాలే. విషాలని బెదిరించడం నా ఉద్దేశం కాదు. అయితే ఇవి ఉన్న వస్తువు మన వంటింట్లో పుట్టినది కాదని మాత్రం అవి తెలియజేస్తాయి.

స్వగృహ దుకాణాల మాట వేరే చెప్పాలి. అమీర్‌పేట చుట్టుపక్కల సందుకొకటి చొప్పున కనిపించే ఈ కొట్లలోని జంతికలు, చేగోడీలు, సకినాలు, పూతరేకులు 'ఇంటివే' అన్న భావన మధ్యతరగతి వారిలో బలంగా ఉన్నది. శనగపిండి, బియ్యపుపిండి, వాము, నువ్వులతో చేసినవి కనుక నాలుగవ వర్గంలో వేయనక్కరలేదు. కాని వేయించిన నూనె ఎన్నవసారి కాగినదో మనకు తెలియదు. ఒకే నూనెను పదే పదే కాచినప్పుడు అందులో పుట్టే ధ్రువ సమ్మేళనాలు 25 శాతానికి మించితే ఆ నూనె వాడరాదని 2018 జూలై నుంచి నిబంధన అమలులో ఉన్నది. కొనేవాడు దానిని కంటితో పరీక్షించలేడు. అందువల్ల ఈ సరుకును విడిగా ఒక వరుసలో రాసుకోవడం మంచిది. 'ఇంటిది' అనే పేరు చూసి లెక్కలోంచి తీసివేయడం మాత్రం సరికాదు.

అంచనా ఎందుకు తప్పుతుంది?

మొదటి కారణం, కొనుగోలు ఒక్కచోట జరగకపోవడం. నెలసరి బిల్లు పెద్ద దుకాణానిది. సందు చివరి కిరాణా కొట్టులో పిల్లవాడు కొనే 5 రూపాయల, 10 రూపాయల పొట్లాలకు బిల్లు ఉండదు. రాత్రి తొమ్మిదింటికి ఫోనులో మీట నొక్కి నిమిషాల మీద తెప్పించుకునేది మరొక లెక్క. ఆఫీసు నుంచి వస్తూ తండ్రి తెచ్చే బేకరీ సరుకు ఇంకొకటి. నాలుగు చోట్లా కొంచెమే, నాలుగూ కలిపితే చాలా.

రెండవది, రూపాయలలో లెక్కించడం. 2025 సెప్టెంబరు 22 నుంచి బిస్కెట్ల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి, మిక్స్చరు వంటి కారపు తినుబండారాల మీద 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ఖర్చు తగ్గినంత మాత్రాన తిండి తగ్గినట్టు కాదు. అదే ధరకు పొట్లం బరువు పెరిగి ఉండవచ్చు. పొట్లాలను లెక్కపెట్టడమూ అంతే, 20 గ్రాములదీ పొట్లమే, 400 గ్రాములదీ పొట్లమే. కాబట్టి గ్రాములే నమ్మదగిన కొలత.

మూడవది మన స్వభావం. దుకాణంలో వరుసలో నిలబడినప్పుడు ముందువారి ట్రాలీ చూసి వారు చిరుతిండ్లతోనే బ్రతుకుతారనుకుంటాము. వారు అన్నప్రాశనకు కొంటున్నారో, ఊరికి పంపుతున్నారో, రెండు నెలల సరుకు ఒకేసారి తీసుకుంటున్నారో మనకు తెలియదు. కూరగాయలు రైతుబజారులోనూ, పాలు ఇంటి గుమ్మంలోనూ కొనే కుటుంబం పెద్ద దుకాణానికి చిరుతిండ్ల కోసమే పోవచ్చు. ఒక్క ట్రాలీని బట్టి ఒక కుటుంబపు తిండిని తూచలేము. మన సంగతికి వచ్చేసరికి మాత్రం పండుగకు కొన్నాము, చుట్టాలు వచ్చారు అని మినహాయింపులు వెతుక్కుంటాము.

దేశం మొత్తానికి లెక్క చూడాలంటే ప్రభుత్వపు గృహ వినియోగ వ్యయ సర్వే ఉన్నది. 2023-24 సర్వే ప్రకారం పట్టణ కుటుంబాల నెలసరి తలసరి వ్యయంలో ఆహారానికి 39.68 శాతం పోగా, అందులో పానీయాలు, తయారీ ఆహారాల పద్దుకే 11.09 శాతం. పాలు, కూరగాయలు, పండ్లు, ధాన్యాలు విడివిడిగా చూస్తే ఏదీ ఆ పద్దుకు సాటి రాదు. ఐతే ఒక మాట గుర్తుంచుకోవాలి. బయట కొన్న భోజనం, టీ, కాఫీ కూడా ఆ పద్దులోనే ఉన్నాయి. పదకొండు శాతమూ చిప్సు పొట్లాలని చాటడం తప్పు.

ఒక నెల కొలిచి చూడండి

చేయవలసినది పెద్ద పని కాదు. వంటింటి మూల ఒక సంచి వేలాడదీసి, నెలరోజులు ఖాళీ అయిన ప్రతి పొట్లాన్నీ అందులో వేయండి. పిల్లలు బడి దగ్గర తిన్నవాటి కాగితాలు కూడా తెచ్చి వేయమనండి. దండన ఉండదని ముందే చెప్పాలి సుమా, లేకపోతే కాగితాలు రావు! కొన్నది కాక తిన్నది లెక్కకు రావడం ఈ పద్ధతిలోని మేలు. నెలాఖరున పొట్లాల మీది బరువులు కూడండి. ఆపైన 100 గ్రాములకు చక్కెర, కొవ్వు, సోడియం ఎంతో అక్కడే ముద్రించి ఉంటుంది. సోడియాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది.

ఉదాహరణకు ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు గల ఇల్లు ఒకటి ఊహించుకుందాము. నెలకు బిస్కెట్లు 3 కిలోలు, మిక్స్చరు ఒకటిన్నర కిలో, చిప్సు ఒక కిలో, 70 గ్రాముల నూడుల్సు 24, శీతల పానీయం 6 లీటర్లు. రోజుకు మనిషికి 25 గ్రాముల బిస్కెట్లు, అంటే మూడు నాలుగు బిస్కెట్లు మాత్రమే. ఏమంత ఎక్కువ కాదనిపిస్తుంది. బిస్కెట్లలో నూటికి 25 పాళ్ళు చక్కెర అనుకుంటే 750 గ్రాములు. పానీయంలో 100 మిల్లీలీటర్లకు పదిన్నర గ్రాముల చొప్పున 630 గ్రాములు. మొత్తం 1,380 గ్రాములు. నలుగురికి ముప్పై రోజులు పంచితే మనిషికి రోజుకు పదకొండున్నర గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన పరిమితి రోజుకు 20 నుంచి 25 గ్రాములు. అంటే కాఫీలో చెంచా చక్కెర వేయకముందే సగం పరిమితి తీరిపోయింది.

నూనె సంగతి ఇంకా ఆశ్చర్యకరం. చిప్సులో సుమారు మూడోవంతు నూనె, అంటే 340 గ్రాములు. మిక్స్చరులో కొంచెం హెచ్చుగా 525 గ్రాములు. బిస్కెట్లలో 15 పాళ్ళ చొప్పున 450, నూడుల్సులో 245. మొత్తం 1,560 గ్రాములు! వంటనూనె డబ్బా తక్కువ ఖర్చు చేశామని సంతోషించే ఇంటికి పొట్లాల రూపంలో ఒకటిన్నర కిలోకు పైగా నూనె వచ్చి చేరుతున్నది.

ఉప్పు విషయంలో సగటు కూడా మోసం చేస్తుంది. పైన చెప్పిన సరుకులో ఉప్పు మొత్తం సుమారు 125 గ్రాములు, నలుగురికీ సమంగా పంచితే మనిషికి రోజుకు ఒక గ్రాము. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి చెప్పిన 5 గ్రాముల హద్దులో ఐదోవంతు. అయితే నూడుల్సు, చిప్సు తినేది పిల్లలిద్దరే అయితే వారి వంతు గ్రామున్నరకు మించుతుంది. పిల్లలకు హద్దు పెద్దలకంటే తక్కువ. కాబట్టి ఇంటి సగటుతో తృప్తిపడక, ఎవరు ఏది తింటున్నారో పక్కన రాసుకోవాలి. చరకుడు చెప్పిన ఎనిమిదింటిలో చివరిది ఉపయోక్త, తినే మనిషి, అని ఇందుకే గుర్తుచేస్తున్నాను. అదే అధ్యాయంలో పిప్పళ్ళు, క్షారం, లవణం అనే మూడింటిని అతిగా వాడరాదని ప్రత్యేకించి హెచ్చరించడం కూడా గమనించదగినది.

వేళ కూడా రాయాలి

బరువుతో పాటు తిన్న వేళ కూడా వేస్తే లెక్క పూర్తవుతుంది. ముందు తిన్నది జీర్ణం కాకుండానే మరల తినడాన్ని ఆయుర్వేదం అధ్యశనం అన్నది. వేళ తప్పి, హెచ్చుతగ్గులుగా తినడం విషమాశనం. పథ్యాన్నీ అపథ్యాన్నీ కలిపి తినడం సమశనం. బడి నుంచి వచ్చిన పిల్లవాడు సాయంత్రం ఐదింటికి తింటే అది ఆకలి. ఏడింటికి టీవీ ముందు తింటే అది అధ్యశనానికి దారి. ఎనిమిదింటికి వాడికి అన్నం సహించదు, పదింటికి మళ్ళీ ఆకలి, మళ్ళీ పొట్లం. జఠరాగ్ని మందగించి, మలబద్ధకం, పుల్లని త్రేన్పులు, పొద్దున లేవగానే నాలుక మీద తెల్లని పూత కనిపిస్తాయి. అమీర్‌పేట హాస్టళ్ళలో ఉంటూ కోచింగులకు తిరిగే యువతీయువకులలో ఈ క్రమం మరీ ఎక్కువ. పొయ్యి లేని గదిలో వేడినీళ్ళు, నూడుల్సు తప్ప దిక్కు లేదంటారు. వేయించిన పల్లీలు, పుట్నాలు, అటుకులు, అరటిపండ్లకు పొయ్యితో పని లేదు.

లెక్క తేలిన తరువాత అన్నీ ఒక్కసారి మానిపించడం వద్దు. ముందు పానీయాల సీసాలు, ఆ తరువాత నూడుల్సు, ఇలా నెలకొకటి సగానికి తగ్గించండి. ఖాళీ అయిన చోట మరొకటి ఉంచకపోతే పిల్లలు సందు చివరి కొట్టుకే పోతారు. తెలంగాణ ఇండ్లలో తొలి ఏకాదశికి పేలపిండి చేయడం ఉన్నదే. దానిని ఏడాదికి ఒక్కనాటికే పరిమితం చేయనక్కరలేదు. మెట్రోలో అమీర్‌పేట తరువాత మూడవ స్టేషను ఎర్రగడ్డ. అక్కడి రైతుబజారుకు కూరగాయలకు వెళ్ళిన రోజున ఒక కిలో జొన్నలు కూడా తెచ్చుకోండి. కొద్దిగా నీళ్ళు చిలకరించి, గుడ్డ మీద ఆరనిచ్చి, బాగా కాగిన మందపాటి మూకుడులో గుప్పెడు గుప్పెడు వేసి మూతపెట్టి కదుపుతూ వేయించాలి. పేలినవాటిని అలాగే కాస్త మిరియాల పొడి చల్లి తినవచ్చు. లేదా పొడికొట్టి బెల్లం, యాలకులు కలిపి ఉంచుకోవచ్చు. మధుమేహం గలవారు బెల్లం కలపకూడదు, బెల్లమూ చక్కెర జాతిదే. పేలనివి గట్టిగా ఉంటాయి కనుక ఏరివేసి, మూడు నాలుగేళ్ళ లోపు పిల్లలకు పిండి రూపంలోనే పెట్టండి. తోడుగా వేయించిన జీలకర్ర పొడి వేసిన పలుచని మజ్జిగ ఇవ్వండి. రక్తపోటు గలవారి గ్లాసులో ఉప్పు వేయవద్దు. ఈ పేలాలు మూత గట్టిగా ఉన్న డబ్బాలో వారం రోజులు కరకరలాడుతూ ఉంటాయి. మెత్తబడితే ఒక్కసారి మూకుడులో వేడిచేస్తే సరిపోతుంది.