ఇల్లు చేరని సిపాయి



సిపాయి సెలవు మీద వచ్చాడంటే మన ఊళ్లలో బస్సు దిగిన దగ్గరనుంచీ పిల్లలు వెంటపడతారు. పెట్టె మోసేవాడొకడు, కబుర్లు అడిగేవాడొకడు. అలాంటి సిపాయి, కొలువు ముగిశాక రోడ్డు పక్కన పడుకుంటాడంటే నమ్మగలమా? అమెరికా వంటి సంపన్న దేశంలో ఇది జరుగుతోంది. 1975లో వియత్నాం యుద్ధం ముగిశాక, అక్కడ పోరాడి వచ్చినవారిలో కొందరు క్రమంగా వంతెనల కిందికీ, పార్కుల్లోకీ చేరారు. 2024 జనవరిలో ఒక రాత్రి లెక్క తీస్తే, ఇల్లు లేని మాజీ సైనికులు దేశం మొత్తం మీద 32,882 మంది తేలారు.

కారణం ఒక్కటి కాదు. యుద్ధంలో చూసినవి నిద్రపోనివ్వవు. నిద్ర కోసం తాగుడు. తాగుడుతో ఉద్యోగం పోతుంది, సంసారం చెదురుతుంది. అద్దె కట్టలేని నాడు వీధే మిగులుతుంది.

ఇలాంటివారి కోసం పనిచేసే ఉద్యోగిని సోషల్ వర్కర్ అంటారు. ఆ దేశపు మాజీ సైనికుల శాఖలో ఈ ఉద్యోగాలు 1926 నుంచీ ఉన్నాయి. మరి వీరు చేసే పని ఏమిటి?

మొదటిది, మనిషి దగ్గరకు వెళ్లడం. "ఎందుకు తాగుతున్నావు?" అని అడిగితే అతను మొహం తిప్పుకుంటాడు. "ఏ దళంలో పనిచేశారు?" అని అడిగితే తలెత్తుతాడు.

రెండవది, కాగితం. డిస్చార్జి పత్రం లేనిదే సౌకర్యాలు అందడం కష్టం. వీధిలో బతికేవాడి దగ్గర కాగితం ఎన్నాళ్లు నిలుస్తుంది? పైగా 1973లో సెయింట్ లూయిస్ నగర శివారులోని రికార్డుల కార్యాలయంలో మంటలు రేగి, లక్షలాది పాత సైనికుల ఫైళ్లు కాలిపోయాయి. అలాంటివారి సర్వీసును జీతం రసీదులు, ఇతర పాత రికార్డులు వెతికి రుజువు చేయవలసి వచ్చింది.

మూడవది, ఇల్లు. పూర్వం "ముందు తాగుడు మాను, తరువాత ఇల్లు" అనేవారు. 1992లో న్యూయార్కులో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు దీన్ని తలకిందులు చేశాడు. ముందు ఇల్లు, తరువాత వైద్యం. తలుపు గడియ పెట్టుకుని పడుకోగలిగినవాడికే మందు మానే ఓపిక వస్తుందని ఆయన వాదన. 2008 నుంచి ప్రభుత్వం అద్దె సహాయాన్ని బాగా పెంచింది. ఆ సహాయానికి సోషల్ వర్కర్ తోడుంటాడు. 2010తో పోలిస్తే 2024 నాటికి నిరాశ్రయులైన మాజీ సైనికుల సంఖ్య సగానికి పైగా తగ్గింది.

తాళంచెవి ఇవ్వడంతో పని తీరదు. కొత్త ఇంట్లో మంచం మీద నిద్రపట్టక నేల మీద పడుకునేవారుంటారు. కరెంటు బిల్లు కట్టించాలి, ఇంటి యజమానితో మాట తెగకుండా చూడాలి. కొందరు మళ్లీ వీధికి పోతారు. వెతుక్కుంటూ మళ్లీ వెళ్లాలి. ఈ ఉద్యోగంలో ఏళ్లు గడిచేది ఇలాగే.

శ్రోతలారా, మన సరిహద్దు జిల్లాల్లోనూ మాజీ సైనికులున్నారు, వారి భార్యలున్నారు. వారి కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలూ ఉన్నాయి. కానీ ఇంట్లో తెలుగు, వచ్చే ఉత్తరం కన్నడంలోనో తమిళంలోనో, లేదా ఇంగ్లీషులోనో. గడువు దాటాక గానీ అందులో ఏముందో తెలియదు. రెండు భాషలు చదవగలిగిన మనం ఆ ఉత్తరం చదివిపెట్టి, అర్జీ రాసిపెట్టి, కార్యాలయం దాకా తోడు వెళ్లగలం. మీ వీధిలో అలాంటి ముసలాయన ఉంటే ఈ ఆదివారం ఒకసారి పలకరించండి. ఆయన డిస్చార్జి పుస్తకం భద్రంగా ఉందో లేదో అడగండి.