ఒకే కాగితం మీద ఇద్దరు

నాగార్జునకొండ మ్యూజియంలో ఇక్ష్వాకుల కాలపు శిల్పఫలకాలను నింపాదిగా చూసినవారికి ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. బుద్ధుడి కథలో ఒక ఘట్టం, దాని పక్కనే చిన్న గడిలో ఒక ఆలుమగల జంట. మళ్లీ ఇంకో ఘట్టం, మళ్లీ ఇంకో జంట. జంటలు నిలబడిన తీరు ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది. పదిహేడు వందల ఏళ్ల కిందట పల్నాటి సున్నపురాయి మీద దాంపత్యాన్ని ఇంత ఇష్టంగా చెక్కిన నేల మనది. అయితే ఆ ఆలుమగలే పక్కపక్కన కూర్చుని బొమ్మ గీస్తే వాళ్ల మధ్య ఏం జరుగుతుందన్నది మాత్రం శాస్త్రానికి ఇటీవలి ప్రశ్నే.

బొమ్మలు గీయించి మనసుకు చేసే చిత్రకళా చికిత్సకు ‘ఆర్ట్ థెరపీ’ అన్న పేరు 1942లో వచ్చింది. ఆ పేరు పెట్టిన బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్, క్షయతో శానటోరియంలో ఉన్నప్పుడు బొమ్మలు గీస్తూ కోలుకున్నాడు. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో హానా క్వియాట్‌కోవ్‌స్కా 1950ల చివర్లో కుటుంబంలో అందరినీ కలిపి కూర్చోబెట్టి బొమ్మలు వేయించడం మొదలుపెట్టారు. అదే సంస్థలో హ్యారియెట్ వేడ్సన్ ఈ పద్ధతిని దంపతుల దగ్గరకు తెచ్చి, 1970ల మొదట్లో దాని గురించి రాశారు.

ఆమె దంపతుల చేత చేయించిన వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇది: ఇద్దరికీ కలిపి ఒకే కాగితం ఇస్తారు. మాట్లాడుకోకుండా ఒకే బొమ్మ గీయాలి. ఇలాంటి అభ్యాసాల్లో చాలామంది చికిత్సకులు ఒక్కొక్కరిని ఒక్కో రంగు ఎంచుకోమంటారు, చివరిదాకా మార్చనివ్వరు. ఏ గీత ఎవరిదో తర్వాత తెలియాలి కదా. ముందు ఎవరు మొదలుపెట్టారు, నడిమధ్య చోటు ఎవరు తీసుకున్నారు, ఎవరి గీతను ఎవరు పొడిగించారు, ఎవరు దాని మీద కొట్టేశారు, ఎవరు ఒక మూలకు సర్దుకున్నారు అన్నవి చికిత్సకుడు గమనిస్తాడు. బొమ్మ అందంగా ఉందా లేదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. నల్లరంగు వాడితే దిగులు, ఎరుపు వాడితే కోపం అని జాతకం చెప్పినట్టు చెప్పేవారు ఎదురైతే నమ్మకండి. ఆ రంగు ఎందుకు వాడారో చెప్పాల్సింది గీసినవారే.

ఒక సందర్భం ఊహించండి. ఆవిడ కాగితం మీద ఇల్లు, దాని ముందు ఖాళీ చోటు గీసింది. ఆయన ఆ ఖాళీలోంచి రోడ్డు లాగాడు. గీయడం అయ్యాక ఆవిడ, “అది వాకిలండీ, అక్కడ చెట్టు వేద్దామనుకున్నాను” అంటుంది. “ఖాళీగా ఉంది గదా అనుకున్నా” అంటాడాయన. పెళ్లయిన నాటి నుంచీ ఇంట్లో జరుగుతున్నది కూడా ఇదే కావచ్చు. ఇంట్లో అయితే ఆ మాట “నువ్వెప్పుడూ ఇంతే” దగ్గర మొదలై పాత పంచాయితీల దాకా పోతుంది. ఇక్కడ ఇద్దరి చూపూ ఎదుటి మనిషి మొహం మీద లేదు, కాగితం మీద ఉంది. అలవాటైన దెప్పుడు మాటలు బొమ్మ గురించి మాట్లాడేటప్పుడు అంత తేలిగ్గా నోటికి రావు. ఈ పద్ధతి పనిచేయడంలో కీలకం అదేనని నేననుకుంటాను.

ఒంట్లో ఏం జరుగుతుందో కూడా కొందరు కొలిచి చూశారు. డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దలకు రంగులు, బంకమట్టి, కాగితం ముక్కలు ఇచ్చి 45 నిమిషాలు ఇష్టమొచ్చినట్టు చేసుకోమంది. ముందూ వెనకా లాలాజలం పరీక్షిస్తే, సుమారు 75 శాతం మందిలో ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది. అంతకుముందు బొమ్మలు వేసిన అనుభవం ఉన్నా లేకున్నా తేడా కనిపించలేదు. 2016లో వచ్చిన ఈ అధ్యయనం ఒక్కొక్కరి మీద చేసినది.

జంటల మీద చేసినది 2019 నాటి బేలర్ విశ్వవిద్యాలయం అధ్యయనం. 20 జంటల్లో కొన్ని కలిసి బోర్డు ఆటలు ఆడాయి, మిగతావి పెయింటింగ్ క్లాసుకు వెళ్లాయి. కాన్పు నొప్పులకు, తల్లిపాలకు తోడ్పడే ఆక్సిటోసిన్ మనుషుల మధ్య దగ్గరితనంతోనూ ముడిపడిన హార్మోను. అది రెండు గుంపుల్లోనూ విడుదలైంది. కానీ బొమ్మలు వేసిన మగవారిలో మిగతా అందరికన్నా రెండు నుంచి రెండున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. ఆటల్లోనే జంటలు ఎక్కువ కలిసిపోతారని పరిశోధకులు ముందు అనుకున్నారు, జరిగింది వేరు. 20 జంటలతో పెద్ద నిర్ధారణలు చేయలేం. అయినా మనసులో మాట చెప్పడానికి మాటలు వెతుక్కునే మగవారున్న మన ఇళ్లలో ఈ ఫలితం ఆలోచించదగ్గది.

మాచర్ల, గురజాల వైపు మిర్చి వేసే ఇళ్లలో ఆలుమగలు కలిసి గడిపే సమయం తక్కువేమీ కాదు. నారు నాటిన దగ్గర్నుంచి కల్లంలో కాయ ఎండబోసి, తాలు ఏరి, టిక్కీలకు ఎత్తేదాకా చాలా ఇళ్లలో ఇద్దరూ ఒకేచోట ఉంటారు. కానీ వాళ్ల మాటలన్నీ కౌలు, పురుగుమందుల బాకీ, యార్డులో ధర చుట్టూ తిరుగుతాయి. నరసరావుపేటలో ఉద్యోగాలు చేసుకునే జంటలకైతే పిల్లల ఫీజులు, ఇంటి వాయిదాలు. ఇద్దరూ కలిసి చేసే ప్రతి పనికీ లాభమో నష్టమో ఉంటుంది, ఆ వెంటే తప్పెవరిదన్న ప్రశ్నా ఉంటుంది. లాభనష్టాలు లేని పని ఒక్కటైనా దాంపత్యానికి కావాలి. బొమ్మ గీయడం అలాంటిదే.

శిక్షణ పొందిన ఆర్ట్ థెరపిస్టులు మన దేశంలో ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నారు. వాళ్లు చేసే చికిత్సకు ఇంట్లో గీసుకునేది సాటి రాదు, అయినా మొదలుపెట్టడానికి ఒక కాగితం, రెండు రంగు పెన్సిళ్లు చాలు. కాగితం వద్దనుకుంటే డాబా మీద సుద్దముక్కతో చుక్కలు పెట్టి, వంతులవారీగా కలుపుతూ ముగ్గు వేయండి. పది నిమిషాలు మాటలు వద్దు. తర్వాత “నువ్వెందుకిలా గీశావు” అనకుండా “నాకిక్కడ ఇది కనిపించింది” అని మొదలుపెట్టండి. గీసిన కాగితం మీద తేదీ వేసి దాచండి. కొన్ని నెలల తర్వాత పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి చూడటం చికిత్సకులు కూడా చేయించే పనే.

ఇది అందరికీ కాదు. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో ఇద్దరినీ ఒకే కాగితం ముందు కూర్చోబెట్టడం ప్రమాదం. అక్కడ నిజం గీసినందుకు భార్య రాత్రికి దెబ్బలు తినాల్సి రావచ్చు. అలాంటి చోట ముందు కావలసింది రక్షణ: మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి. దిగులు, నిద్రలేమి, తాగుడు కాపురాన్ని కుంగదీస్తుంటే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.