ఊరికి చీటి వేసి చేసిన పరీక్ష

ఒక ప్రాంతమున నూతన ఆరోగ్య పద్ధతిని ప్రవేశపెట్టిన పిమ్మట శిశుమరణములు తగ్గినవనుకొందము. ఆ తగ్గుదలకు ఆ పద్ధతియే కారణమని వెంటనే చెప్పుట తొందరపాటగును. అదే కాలమున ఆ ఊరికి రోడ్డు పడియుండవచ్చును. ఆస్పత్రి కాన్పులు పెరిగియుండవచ్చును. అధికారులు తమకు అనుకూలమైన గ్రామములలోనే మొదట పని ప్రారంభించుటయు కద్దు. ఈ చిక్కును తీర్చుటకు, ఎవరికి క్రొత్త పద్ధతి, ఎవరికి పాత పద్ధతి అను నిర్ణయమును మనుష్యుల యిష్టమునకు విడువక చీట్ల వంటి సాధనమునకు అప్పగింతురు. దీనినే యాదృచ్ఛిక పరీక్ష యందురు.

ఢిల్లీకి దక్షిణమున, రాజధాని ప్రాంతములో చేరియున్న హర్యానా రాష్ట్రపు ఫరీదాబాదు జిల్లాలో ఇట్టి పరీక్ష యొకటి జరిగినది. నవజాత శిశువుల, బాలల వ్యాధులకు సమగ్ర చికిత్స నుద్దేశించిన ప్రభుత్వ కార్యక్రమము నిజముగా ప్రాణములను నిలుపునా యనునది ప్రశ్న. ఈ కార్యక్రమము ననుసరించి, శిక్షణ పొందిన కార్యకర్త శిశువు పుట్టిన మొదటి, మూడవ, ఏడవ దినములలో ఇంటికి పోయి చూచును. తల్లిపాలను గూర్చియు, బిడ్డను వెచ్చగా ఉంచుటను గూర్చియు చెప్పును. జబ్బు చిహ్నములున్నచో చికిత్సకు పంపును.

మాత్ర నొక రోగికిచ్చి ప్రక్క రోగికి ఈయకుండవచ్చును. కాని కార్యకర్త ఒక తల్లికి చెప్పిన మాట పొరుగింటి తల్లికి చేరకుండ ఆపుట యెవరి తరము? కావున చీటి శిశువునకు గాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వేయబడినది. అట్టి కేంద్రములు 18. వాని క్రింది జనాభా సుమారు 11 లక్షలు. సంఖ్య యింత చిన్నదైనప్పుడు చీటి ఒక్కటే ఇరుప్రక్కల సమత్వము నీయజాలదు. అందువలన పూర్వపు నవజాత మరణముల రేటును బట్టి కేంద్రములను ఆరేసి చొప్పున మూడు తరగతులుగా విభజించి, పిదప తొమ్మిదింటికి నూతన పద్ధతిని కేటాయించిరి. తక్కిన తొమ్మిదింట పాత సేవలు యథాప్రకారము సాగినవి. జనన మరణములను నమోదు చేసినవారు వేరు, సేవ చేసినవారు వేరు.

నూతన పద్ధతి ప్రాంతములలో 29,667, తక్కిన వానిలో 30,813 జననములు లెక్కకు వచ్చినవి. అరువదివేల శిశువులు అరువదివేల సాక్షులని భ్రమపడరాదు. ఒకే కుండనుండి నూరు మెతుకులు పట్టిచూచినను ఆ కుండ సంగతియే తెలియును గాని ప్రక్క కుండ సంగతి తెలియదు. ఒకే కేంద్రము క్రింది శిశువులును ఇట్టివారే. లెక్కలలో దీనిని విస్మరించినచో లేని నిశ్చయము ఉన్నట్లు తోచును. తరచుగా జరుగు పొరపాటు ఇదియే.

2012లో ప్రకటింపబడిన ఫలితము ఇది. మొదటి సంవత్సరములో మరణాపాయము 15 శాతము తక్కువగా నుండెను. అసలు తగ్గుదల 6 మొదలు 23 శాతము వరకు ఉండవచ్చునని గణన తెలిపినది. మొదటి 28 దినముల మరణములలో మాత్రము 9 శాతమే తగ్గుదల కనబడినది. అచట హద్దులు 20 శాతము తగ్గుదలనుండి 3 శాతము పెరుగుదల దాక వ్యాపించుటచే దానిని నిశ్చయమనుటకు వీలులేదు. ఇంట పుట్టిన నవజాతులలో 20 శాతము తగ్గుదల యుండగా, ఆస్పత్రిలో పుట్టినవారిలో తగ్గుదల కానరాలేదు.

ఈ చివరి యంశమే మిక్కిలి విలువైనది. నేడు హర్యానాలో కాన్పులు అత్యధికముగ ఆస్పత్రులలోనే జరుగుచున్నవి. ఇంట పుట్టిన బిడ్డలకు మేలుచేసిన పద్ధతి అక్కడ పుట్టిన బిడ్డకేమి చేయగలదో వేరుగా పరీక్షింపవలసియున్నది.