'రాశాను' అనే డిస్క్ మాటకు పూచీ ఎవరిది?

కంప్యూటర్‌లో ఫైలు సేవ్ అయిందని కనిపించినంత మాత్రాన అది హార్డ్ డిస్క్ పళ్లేల మీదికి చేరిందని కాదు. డిస్క్‌లో కాష్ అనే చిన్న మెమరీ ఉంటుంది. డేటా అందులో పడగానే 'రాశాను' అని డిస్క్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పేస్తుంది. అసలు రాత ఆ తర్వాత, తనకు వీలైన క్రమంలో సాగుతుంది. ఈలోగా కరెంటు పోతే కాష్‌లో ఉన్నదంతా పోతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఆ క్రమం మారడంలో ఉంది. ఫైల్ సిస్టమ్ తన మార్పులను ముందుగా జర్నల్ అనే చిట్టాలో రాసుకుని, చివర 'పూర్తయింది' అనే గుర్తు పెడుతుంది. వివరాలకన్నా ముందు ఆ గుర్తే పళ్లెం మీదికి చేరి కరెంటు పోతే, మళ్లీ ఆన్ చేసినప్పుడు సిస్టమ్ లేనిదాన్ని ఉన్నట్టు నమ్ముతుంది. అప్పుడు పోయేది చివర రాసిన నాలుగు వాక్యాలే కాదు, ఎప్పుడో భద్రంగా దాచుకున్న ఫైళ్లు కూడా.

అలాగైతే కాష్‌ను ఆపేస్తే సరిపోదా? ఆ ప్రయత్నమూ జరిగింది. 2001లో వచ్చిన ఫ్రీబీఎస్‌డీ 4.3 ఆపరేటింగ్ సిస్టమ్ ఐడీఈ రకం డిస్క్‌లకు రైట్ కాష్‌ను డిఫాల్ట్‌గా ఆపేసింది. వేగం ఎంతగా పడిపోయిందంటే, ఆ విడుదల తర్వాత మళ్లీ ఆన్ చేయక తప్పలేదు. కారణం సులువుగానే తెలుస్తుంది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక్క చుట్టుకు 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. కాష్ లేకపోతే ఒకదాని తర్వాత ఒకటి వచ్చే ప్రతి చిన్న రాతా దాదాపు ఒక చుట్టు ఆగాల్సి వస్తుంది. వాడేవాళ్లు భరించలేని భద్రత ఎక్కువ కాలం నిలవదని ఆ అనుభవం తేల్చింది.

కాబట్టి కాష్ ఆన్‌లోనే ఉండాలి. కానీ క్రమం తప్పకూడని చోట 'ఉన్నదంతా ఇప్పుడే పళ్లెం మీద రాయి' అనే ఫ్లష్ ఆదేశం తప్పకుండా వెళ్లాలి. డిఫాల్ట్ ఇలాగే ఉండాలన్నది నా వాదన. లినక్స్‌లో ఎక్స్‌ట్3 ఫైల్ సిస్టమ్ చాలాకాలం ఈ రక్షణ లేకుండానే నడిచింది. తర్వాత వచ్చిన ఎక్స్‌ట్4 దాన్ని డిఫాల్ట్ చేసింది. మ్యాక్ ఓఎస్‌లో మాత్రం ప్రోగ్రాములు మామూలుగా పిలిచే ఎఫ్‌సింక్ డేటాను డిస్క్ దాకా పంపి ఊరుకుంటుంది. కాష్ కూడా ఖాళీ కావాలంటే ఎఫ్_ఫుల్‌ఎఫ్‌సింక్ అని విడిగా అడగాలి. ఆ సంగతి తెలియని ప్రోగ్రామర్ రాసిన సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకున్నవాళ్లకు ఆ రక్షణ దక్కదు.

ఫ్లష్ వల్ల వేగం తగ్గుతుంది కదా అంటే, నిజమే. అయితే ఆ ఖర్చు ప్రతి రాతకూ కాదు, జర్నల్ ముగింపు వంటి కీలక ఘట్టాలకే. అనేక మార్పులను కలిపి ఒకే ఫ్లష్‌తో ముగిస్తే అది ఇంకా తగ్గుతుంది. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ, డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉన్నాయిగా అనేది మరో అభ్యంతరం. బ్యాటరీ పాతబడుతుంది, పవర్ సప్లై కాలిపోతుంది, కేబుల్ ఊడుతుంది. వీటిలో దేన్నీ సిస్టమ్ ముందుగా పసిగట్టలేదు. కొన్ని డిస్క్‌లు ఫ్లష్ చేయకుండానే చేశామంటాయన్న ఫిర్యాదు కూడా ఉంది. డిస్క్ తప్పు చేస్తే దాన్ని వేలెత్తి చూపవచ్చు. ఆదేశమే పంపని సిస్టమ్‌కు ఆ హక్కు ఉండదు.

ఊడదీసి పట్టుకెళ్లే డ్రైవ్‌ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. విండోస్ 10 తన 1809 వెర్షన్ నుంచి వాటికి వేగం కన్నా త్వరగా తీసేసే వీలునే డిఫాల్ట్ చేసింది. అది సరైన నిర్ణయం. కాష్‌కే సొంత బ్యాటరీ ఉన్న సర్వర్ కంట్రోలర్ల వంటి చోట ఫ్లష్‌ను ఆపడం సబబే కావచ్చు. కానీ ఆ పని తెలిసినవాళ్లు తెలిసి చేయాలి. సెట్టింగుల జోలికే వెళ్లని కోట్లమంది తరఫున డిఫాల్ట్ నిర్ణయం తీసుకుంటుంది. తగ్గిన వేగం వాళ్ల కంటికి కనిపిస్తుంది, కావాలంటే మార్చుకుంటారు. పొంచి ఉన్న నష్టం మాత్రం జరిగేదాకా కనిపించదు. అందుకే వేగం, డేటా భద్రతల్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే, సిస్టమ్ డేటా పక్షానే నిలబడాలి.