గిటారుకూ ఉంది గద్వాల అంచు

గద్వాల చీర కొనడానికి వెళ్లినప్పుడు మన చెయ్యి ముందుగా వెళ్లేది అంచు మీదికే. కోటకొమ్మలు ఎంత ఎత్తున్నాయి, జరీ ఎంత పట్టుంది అని చూస్తాం. అసలు చూడాల్సింది ఇంకొకటుంది. ఈ చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు వేరు వేరు జాతుల దారాలు ఒకచోట కలవాలి. మగ్గం మీద ఒంటికి ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు నడుస్తాయి. నూలు పేక వచ్చి పట్టు పేకను కొక్కెంలా పట్టుకుని వెనక్కి మళ్లుతుంది. ఒక్క పోగు కూడా ఆ ముడి తప్పకూడదు. దీన్నే కుప్పడం అంటారు. అంచు అతికించింది కాదు, అల్లుకున్నది. అందుకే ఏళ్ల తరబడి కట్టి ఉతికినా అంచూ ఒళ్లూ విడిపోవు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈమధ్య మా మరిదిగారబ్బాయి చేతితో చేసిన గిటారు ఒకటి తెచ్చుకున్నాడు. దాని మీద దుమ్ము తుడుస్తుంటే పైచెక్క చుట్టూ సన్నని గీత కనిపించింది. నలుపు, తెలుపు, మళ్లీ నలుపు. రంగు వేశారేమో అనుకుని గోరుతో గీకితే ఊడలేదు. మూడూ మూడు చెక్క పొరలట! దాన్ని పర్ఫ్లింగ్ అంటారని, దానికి బయట వైపు అంచును కాసే పట్టీని బైండింగ్ అంటారని వాడు చెప్పాడు. నాకు మాత్రం అది అచ్చంగా అంచూ, అంచు పక్కన జరీ గీతలానే తోచింది.

ఆ గీత ఎలా పడుతుందో తెలుసుకున్నాక మన నేతపని ఇంకాస్త గౌరవంగా కనిపించింది. గిటారు పైచెక్క మందం మూడు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. పక్కచెక్కలు అంతకన్నా పలచన. రెండూ కలిసే మూల చాలా బలహీనమైన చోటు. అక్కడ చెక్క పోగుల కొసలు బయటపడి ఉంటాయి. చెమ్మ అక్కడినుంచే లోపలికి పోతుంది, దెబ్బ కూడా అక్కడే తగులుతుంది. పైచెక్క, పక్కచెక్కలు అతికి ఆరిన తరువాత ఆ మూల వెంబడి చిన్న గాడి తవ్వుతారు. రెండు మిల్లీమీటర్లు ఎక్కువ తవ్వితే లోపలి అతుకే తెగిపోతుంది. ఆ గాడిలో ఈ పట్టీలు కూర్చోవాలి.

గిటారు నడుము వంపు తిరిగి ఉంటుంది కదా, తిన్నటి పట్టీ దానికి ఒదగదు. లోపల వేడి పెట్టిన ఇనుప గొట్టం మీద పట్టీని ఆనించి, తడి తగిలించి, మెల్లమెల్లగా వంచుతారు. తొందరపడితే చటుక్కున విరుగుతుంది. పోనీ నీళ్లు బాగా పోద్దామా అంటే, మూడు పొరలను పట్టి ఉంచిన జిగురు కరిగి పొరలు విడిపోతాయి. అప్పాలకు పాకం పట్టినట్టే, ఒక్క క్షణం ముందూ పనికిరాదు, ఒక్క క్షణం తరువాతా పనికిరాదు. వంగిన పట్టీకి జిగురు రాసి గాడిలో కూర్చోబెట్టి, బట్ట పట్టీతోనో తాడుతోనో గిటారు ఒంటి నిండా చుట్టి రాత్రంతా వదిలేస్తారు. మొలకలు మూట కట్టినట్టు ఉంటుంది చూడటానికి. మర్నాడు విప్పి, పైకి లేచిన భాగాన్ని ఉక్కు రేకుతో గీరి సమం చేస్తారు. పట్టీ కొసలు రెండూ కలిసే చోటు వాయిద్యం అడుగున వస్తుంది, మనం చీర కుచ్చిళ్ల కింద దాచుకునే చోటులాగ.

వయొలిన్‌లో ఈ గీత చేసే పని ఇంకా పెద్దది. అక్కడ అంచుకు కాస్త లోపలగా గాడి తవ్వి దింపుతారు. అంచు దగ్గర పగులు వస్తే ఆ గీత దాటి లోపలికి పాకకుండా ఆగుతుంది. ఇటలీలో స్ట్రాడివారి తన వయొలిన్లకు నల్లరంగు వేసిన బేరి చెక్క, తెల్లటి పాప్లర్ చెక్క వాడాడు. చవక వయొలిన్లకు మాత్రం ఆ గీతను కుంచెతో గీసి ఊరుకుంటారు! దూరం నుంచి రెండూ ఒక్కలాగే ఉంటాయి. గద్వాల పేరు చెప్పి అమ్మే మరమగ్గం చీరలు చూసినవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు.

మన వైపు తీగ వాయిద్యం అంటే నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసులకుంట వాసి దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర గుర్తుకు రావాలి. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చాకే చాలామంది ఆ వాయిద్యం ముఖం చూశారు. వెదురు దండం, ఎండిన సొరబుర్రలు, మైనంతో నిలబెట్టిన మెట్లు. సొరబుర్రకు మూలే లేదు కనుక అంచు పట్టీతో పనిలేదు. కాయ తనంత తానే గుండ్రంగా పెరిగి ఆ కష్టం తప్పించింది. పట్టి ఉంచే పని మైనానిది. అది కూడా వేడి చూసుకుని పెట్టాల్సిందే.

ఇక నన్ను బాగా ఆలోచనలో పడేసిన సంగతి. అమెరికాలో కలమజూ అనే ఊళ్లో గిబ్సన్ అనే గిటార్ల కంపెనీ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధానికి మగవాళ్లు వెళ్లిపోయాక 1942 నుంచి 1945 దాకా అక్కడ బల్లల ముందు నిలబడింది ఎక్కువగా ఆడవాళ్లే. కంపెనీ మాత్రం యుద్ధకాలంలో మేం గిటార్లు చేయలేదని చెప్పుకుంటూ వచ్చింది. జాన్ థామస్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు ఫ్యాక్టరీ ముందు నిలబడ్డ ఆడవాళ్ల పాత ఫొటో ఒకటి చూసి, వాళ్లలో బతికున్నవాళ్లను వెతుక్కుంటూ వెళ్లాడు. కంపెనీ లెక్కలు తీయిస్తే ఆ ఏళ్లలో సుమారు 25 వేల గిటార్లు బయటికి వెళ్లినట్టు తేలింది. ఆయన ఆ గిటార్లకు ఎక్స్‌రేలు కూడా తీయించాడు. ఆ చేతులు చేసినవాటి లోపలి చెక్కపని మిగతావాటికన్నా నాజూగ్గా ఉందట. అంత పని చేసి కూడా, చేయలేదనిపించుకున్నారు!

మన ఇళ్లలో కాదనేవాళ్లు లేరు, లెక్కపెట్టేవాళ్లే తక్కువ. 2019–20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల మంది చేనేత పనివాళ్లు తేలారు. వాళ్లలో నూటికి 72 మంది ఆడవాళ్లు. గద్వాలలో గానీ, వనపర్తి జిల్లా అమరచింత, కొత్తకోటల్లో గానీ మగ్గమున్న ఇంట్లోకి అడుగు పెడితే రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది ఆవిడే. అయిపోయిన పడుగుకు కొత్త పడుగు పోగు పోగుగా అతికేది చాలా ఇళ్లలో ఆవిడే. పొయ్యి మీద అన్నం ఉడుకుతూంటుంది, పిల్లవాడు చంకలో ఉంటాడు, కండె మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కొన్నిళ్లలో మగ్గం మీద కూర్చునేదీ ఆవిడే, అదీ చెప్పాలి. కండె బిగువు సరిగా లేకపోతే అంచు దగ్గర పేక వదులవుతుంది, కుప్పడం ముడి నిలవదు. చీరలో మనం మెచ్చుకునే ఆ చోటుకు బలం వచ్చేది రాట్నం దగ్గర.

మజూరీ సంగతి అడిగి చూశాను. షావుకారు దగ్గర నేసే ఇళ్లలో చీరకింత అని ఒక్క అంకె, ఒక్కరి చేతికి. కండెలకు ఎంత, అతుకుకు ఎంత అని విడిగా వేయరు. "ఇంటి పనే గదమ్మా" అని నవ్వేసి ఆవిడ మళ్లీ రాట్నం తిప్పుకుంది.