ఏ ఫోన్ చేతికొచ్చినా నేను మొదట ప్లే చేసే సినిమా ఇదే!

రెండేళ్ల కిందట ఒక ఫోన్ గురించి "డిస్‌ప్లే అదిరిపోయింది" అని రివ్యూ రాశాను. అది చదివి మా మావయ్య కొడుకు అదే ఫోన్ కొనుక్కున్నాడు. నెల తిరక్కుండానే కాల్ చేశాడు. "బావా, చీకటి సీన్ వస్తే స్క్రీన్‌లో నా మొహం తప్ప ఇంకేం కనపడట్లేదు. నువ్వు నిజంగా చూసే రాశావా?"

చూశాను. కాకపోతే ఫోన్‌తో పాటు వచ్చిన డెమో వీడియోలు చూశాను. చిలకలు, పూలు, రంగునీళ్లు... వాటిలో ఏ ఫోనైనా బాగానే కనిపిస్తుంది. అందుకని అప్పటి నుండి ఆ వీడియోలు పక్కన పెట్టేసి 'వలేరియన్ అండ్ ద సిటీ ఆఫ్ ఎ థౌజండ్ ప్లానెట్స్' ప్లే చేస్తున్నాను. 2017లో వచ్చిన ఈ సైన్స్ ఫిక్షన్ సినిమాకి డైరెక్టర్ ఫ్రాన్స్‌కి చెందిన లూక్ బెసాన్. ఇందులో విజువల్ ఎఫెక్ట్స్ షాట్లే 2,700కి పైగా ఉన్నాయి. ఇదే డైరెక్టర్ 1997లో తీసిన 'ద ఫిఫ్త్ ఎలిమెంట్'లో అవి 200 కూడా లేవు!

సినిమా 1975లో అపోలో, సోయుజ్ నౌకలు అంతరిక్షంలో కలిసిన ఘట్టంతో మొదలవుతుంది. అప్పుడు ఫ్రేమ్ పాత టీవీలా ఇరుగ్గా ఉండి, తర్వాత పూర్తి వెడల్పుకి వస్తుంది. ఆ వెడల్పు 2.39:1. మన 20:9 ఫోన్లలో పైనా కిందా సన్నటి నల్ల పట్టీలు తప్ప బొమ్మ దాదాపు నిండుగా వస్తుంది. అంటే ఇలాంటి సినిమాకి మామూలు టీవీ కంటే ఫోన్ ఆకారమే బాగా సరిపోతుందన్నమాట. దయచేసి వేళ్లతో జూమ్ చేసి అంచులు కోసేయకండి.

కాసేపటికి మ్యూల్ అనే గ్రహం వస్తుంది. తెల్లటి ఇసుక, లేత నీలం ఆకాశం, ముత్యంలా మెరిసే చర్మం ఉన్న మనుషులు. అసలు పరీక్ష ఇక్కడే. 8 బిట్ ప్యానెల్ చూపించగలిగేది సుమారు 1.67 కోట్ల రంగులు, 10 బిట్ అయితే 107 కోట్లు. తేడా ఎర్ర పువ్వులో కనపడదు, ఇలాంటి ఆకాశంలో కనపడుతుంది. నీలం మెల్లగా తెలుపులోకి కలవాల్సిన చోట మెట్లు మెట్లుగా చారలు వస్తాయి. నెట్ స్లోగా ఉన్నా ఇలాగే వస్తుంది కాబట్టి, ముందు హై క్వాలిటీలో డౌన్‌లోడ్ చేసుకుని చూసి అప్పుడు ఫోన్‌ని తిట్టండి. చీకటికైతే లారలిన్ జలాంతర్గామిలో నీళ్ల అడుగుకి వెళ్లే సీన్ చూడండి. మా వాడి ఫోన్‌లో ఆ సీన్ పెడితే నీళ్లూ లేవు, జలాంతర్గామీ లేదు, అంతా ఒకటే నలుపు. రివ్యూ మళ్లీ మార్చి రాయాల్సి వచ్చింది.

టెస్ట్ సంగతి అలా ఉంచితే, గాడ్జెట్ పిచ్చి ఉన్నవాళ్లు 'బిగ్ మార్కెట్' సీన్ కోసమైనా ఈ సినిమా చూడాలి. బయటినుంచి చూస్తే అదొక ఖాళీ ఎడారి. టూరిస్టులు హెడ్‌సెట్, గ్లవ్స్ తొడుక్కోగానే ఇంకో డైమెన్షన్‌లో ఉన్న బజారు కళ్లముందుకి వస్తుంది. బయట నిలబడ్డవాడికి మాత్రం వీళ్లు గాలిలో చేతులాడిస్తున్నట్టే ఉంటుంది. ఈ ముక్క చూసినప్పుడల్లా నాకు మొన్నమొన్న వచ్చిన హెడ్‌సెట్ల వీడియోలే గుర్తొస్తాయి. యాపిల్ విజన్ ప్రో 3,499 డాలర్లకి అమ్మకానికి వచ్చింది 2024 ఫిబ్రవరిలో. ఈ సినిమా అంతకు ఆరేళ్ల ముందుది. పైగా బెసాన్ దాన్ని డెమోలా చూపించి వదిలేయలేదు, అందులో చిక్కు కూడా చూపించాడు. వలేరియన్ ఒంటి చేతిని ఒక పెట్టెలో పెడితే చెయ్యి ఆ లోకంలో, మనిషి ఈ లోకంలో ఉంటారు. పెట్టె పాడైపోతుంది. ఇక చెయ్యి అక్కడే ఇరుక్కుపోయి, శత్రువులు దాని వెంట పడుతుంటే ఇతను ఎడారిలో పరిగెత్తాలి! నవ్వొస్తుంది, టెన్షనూ వస్తుంది. నా లెక్కలో సినిమా మొత్తానికి బెస్ట్ ఇదే.

మరి సినిమా ఎందుకు ఆడలేదంటే, హీరో హీరోయిన్ల మధ్య ఏమీ పండలేదు. డేన్ డెహాన్ ప్రేమ గురించి మాట్లాడుతుంటే నేను ఆకాశంలో చారలు వెతుక్కునేవాణ్ణి. 200 మెగాపిక్సెల్ కెమెరా పెట్టి సాఫ్ట్‌వేర్ గాలికొదిలేసిన ఫోన్లు మనకి కొత్త కాదుగా, ఇదీ ఆ బాపతే. సుమారు 18 కోట్ల డాలర్లు ఖర్చయితే ప్రపంచమంతా కలిపి దాదాపు 22 కోట్లే వచ్చాయి. అందులో థియేటర్ల వాటా తీసేస్తే నష్టమే.

అయినా నాకు కోపం రాదు. 1967లో పియర్ క్రిస్టిన్, జాన్ క్లాడ్ మెజియర్ మొదలుపెట్టిన కామిక్ ఇది. బెసాన్ చిన్నప్పటి నుండి చదివిన కథ. ఇష్టంతో తీశాడని ప్రతి మూలా తెలుస్తుంది. మ్యూల్‌లో ఒక బుజ్జి జంతువు ఉంటుంది, దానికి ఒక ముత్యం మేపితే అలాంటివే బోలెడు బయటికి వదులుతుంది. అంత చిన్న జంతువుకి కూడా ఒక బెదురు చూపు, ఒక అలక పెట్టారు.

మొన్న మా వాడు ఇంటికొస్తే కొత్త ఫోన్‌లో ఈ సీనే చూపించాను. కళ్లార్పకుండా చూసి, "బావా, దీనికి నా పాత ఫోన్ మేపితే వంద ఫోన్లు వస్తాయా?" అన్నాడు.

"వస్తాయి రా, వందా అదే డిస్‌ప్లేతో వస్తాయి" అన్నాను.