ఫోటోను నలుగురిలో పెట్టి చూడడం

బేరిగై, బాగలూరు, శూలగిరి ప్రాంతపు గ్రామాలలో నేడు సెల్ ఫోను లేని ఇల్లు అరుదు. పండుగనాడు, తేరునాడు, పెళ్ళినాడు తీసిన ఫోటోలు వందలకొద్దీ ఫోనులలో నిండిపోతున్నాయి. వాటిని బంధుమిత్రులకు వాట్సాప్‌లో పంపితే "సూపర్" అన్న ఒక్క మాటతోనో, బొటనవ్రేలి గుర్తుతోనో సమాధానం వస్తుంది. పంపినవారికి సంతోషం కలుగుతుంది. కాని తరువాతి ఫోటోను దీనికన్నా మేలుగా ఎలా తీయాలో మాత్రం తెలియదు. ఔత్సాహిక ఛాయాచిత్రకారులు సంఘాలుగా ఏర్పడి, తాము తీసిన చిత్రాలను ఒకరికొకరు చూపించుకొని చర్చించుకొనేది ఈ లోటు తీర్చుకొనడానికే. ఆ పద్ధతి ఎటువంటిదో, మన ఊళ్ళ యువతకు ఎలా ఉపకరిస్తుందో ఇక్కడ వివరించదలచాను.

ఈ విద్యకు మన జిల్లాతో ఉన్న సంబంధం చాలా పాతది. లిన్నేయస్ ట్రైప్ అనే ఆంగ్ల సైనికాధికారి 1854లో బేలూరు, హళేబీడు ఆలయాలను ఫోటోలు తీశాడు. 1855లో మద్రాసులో జరిగిన ప్రదర్శనలో ఆ చిత్రాలు న్యాయనిర్ణేతల మెప్పు పొందాయి. మరుసటి సంవత్సరం మద్రాసు ప్రభుత్వం అతనిని తన ఛాయాచిత్రకారునిగా నియమించింది. 1857 చివర బెంగళూరు నుండి దక్షిణంగా బయలుదేరిన ట్రైప్ మొదట చిత్రీకరించిన ప్రదేశాలలో మన రాయకోట ఒకటి. ఆ కోట కొండ చిత్రాలు 1858లో, సేలం జిల్లా దృశ్యాలన్న పేరుతో ఒక సంపుటంగా వెలువడ్డాయి. (కృష్ణగిరి ప్రత్యేక జిల్లా అయినది 2004లో కదా!) ఆనాటి రసాయనాలకు నీలిరంగు వెలుగు అతిగా తగిలేది. అందువలన ఆకాశం మబ్బుల జాడ లేకుండా తెల్లగా వచ్చేది. ట్రైప్ నెగటివ్‌ల మీద రంగు పూసి మబ్బులను తానే కల్పించేవాడు. ఫోటోను దిద్దవచ్చునా, దిద్దితే ఎంతవరకు దిద్దవచ్చును అన్న వాదం, చూడండి, అప్పటినుండీ ఉన్నదే. 1860లో ప్రభుత్వం ఆ ఉద్యోగాన్ని దుబారా ఖర్చు క్రింద లెక్కగట్టి రద్దు చేసింది.

ఆ రోజులలోనే సంఘాలు కూడా పుట్టాయి. బొంబాయిలో 1854లో, కలకత్తాలో 1856లో ఫోటోగ్రఫీ సంఘాలు ఏర్పడగా, మద్రాసులో చిత్రకళా పాఠశాలను నెలకొల్పిన డాక్టరు అలెగ్జాండర్ హంటర్ చొరవతో ఆ వెనువెంటనే మరొకటి వచ్చింది. మనకు మరింత దగ్గరిది బెంగళూరులో 1971లో స్థాపించిన యూత్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ. వన్యప్రాణుల ఛాయాచిత్రాలకు పేరొందిన టి.ఎన్.ఏ. పెరుమాళ్ (1932–2017) వంటి పెద్దల మార్గదర్శకత్వం ఆ నగరపు ఔత్సాహికులకు లభించింది. ఫిలిం చుట్టలో 36 చిత్రాలే పట్టే కాలమది. ఫిలిం కొనాలి, కడిగించాలి, ప్రింటు వేయించాలి. అన్నిటిలోకి మంచిదనుకున్న ఒక్క ప్రింటును చేతపట్టుకొని సమావేశానికి వెళ్ళేవారు. ఖర్చు మూలంగా ఎంపిక దానంతట అదే జరిగిపోయేది. నేడు ఖర్చు లేదు, అందుచేత ఎంపికా లేదు. ఒకే కోలాటం ఫోటోలు నలభై పంపితే వాటిని ఓపికగా చూసేవారెవరు?

పోటీ వేరు, విమర్శ వేరు అన్నది ముందుగా గ్రహించాలి. సలోన్ అని పిలిచే పోటీలలో తీసినవారి పేరు న్యాయనిర్ణేతలకు తెలియనివ్వరు. చిత్రం తెర మీద కొన్ని క్షణాలు నిలుస్తుంది, వారు మార్కు వేస్తారు, మరొక చిత్రం వస్తుంది. మార్కు ఎందుకు తగ్గిందో అక్కడ చెప్పరు. దిద్దకుండా అంకె మాత్రం వేసి తిరిగి ఇచ్చిన పరీక్ష పేపరు పిల్లవానికి ఎంత నేర్పుతుందో ఇదీ అంతే నేర్పుతుంది. నేర్చుకొనే వయసులో పతకాలకన్నా నలుగురు కూర్చొని మాట్లాడుకొనే గంటసేపే ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం.

ఆ గంట ఎలా నడవాలో ఒక ఉదాహరణతో చూద్దాం. మన పాలీహౌస్ ప్రక్కనున్న షెడ్డులో ఒక స్త్రీ గులాబీలను కట్టలు కడుతున్న ఫోటో ఉన్నదనుకుందాం. ఆమె వెనుక కిటికీ. ఫోటో తీసిన యువకుడు మొదట నోరు మెదపరాదు. ఇది కష్టమైన నియమమే కాని అతి ముఖ్యమైనది. చూసేవారు తమకు కనబడినది చెప్పాలి. "ఈమె అలసిపోయినట్లున్నది" అని ఒకరంటారు. "ముఖం నల్లగా ఉన్నది, ఏమీ తెలియడం లేదు" అని మరొకరు. "నా కన్ను ఆ మూలనున్న నీలి డ్రమ్ము మీదికే పోతున్నది" అని ఇంకొకరు. అందరూ ముగించాక యువకుడు తన ఉద్దేశం చెబుతాడు: ఆమె చేతుల వేగాన్ని, నేర్పును చూపాలనుకున్నాడట. ఆ ఉద్దేశానికీ చూసినవారి మాటలకూ నడుమ ఉన్న దూరమే అసలు పాఠం.

ఇక దిద్దుబాటు. ముఖం నల్లబడడానికి కారణం కెమెరా లెక్క. అది మొత్తం దృశ్యపు వెలుగును సరాసరి చూస్తుంది. కిటికీ వెలుగు అధికం కావడంతో మిగిలినదంతా చీకటి చేస్తుంది. ఫోను తెర మీద ఆమె ముఖాన్ని వ్రేలితో తాకితే లెక్క ముఖానికి అనుగుణంగా మారుతుంది. అంతకన్నా మంచిది, తీసేవారు రెండడుగులు జరిగి, కిటికీ వెలుగు ఆమెకు ప్రక్కనుండి పడేలా నిలబడడం. డ్రమ్ము సంగతికి పాత సంఘాలవారి ఉపాయం ఒకటున్నది. అట్టను మూలమట్టం ఆకారంలో రెండు ముక్కలుగా కత్తిరించి, ప్రింటు మీద ఎదురెదురుగా పెట్టి, ముందుకూ వెనుకకూ జరుపుతూ ఎంతవరకు ఉంచితే చిత్రం బాగుంటుందో చూడడం. ఆమె చేతులు, గులాబీలు మాత్రమే మిగిలేలా జరిపితే యువకుని ఉద్దేశం అప్పుడు కనబడవచ్చు. "నీకు ఫోటో తీయడం రాదు" అన్న మాటతో ఇవేవీ తెలియవు. "బాగుంది" అన్న మాటతోనూ తెలియవు.

అంతర్జాతీయ పోటీలలో ప్రకృతి విభాగానికి ఒక విచిత్రమైన నియమం ఉన్నది. పెంచిన మొక్కలకు, పెంపుడు జంతువులకు అందులో చోటు లేదు. కనుక మన ప్రాంతం నుండి దేశదేశాలకు వెళ్ళే గులాబీ ప్రకృతి క్రిందికి రాదు, పశువుల సంతలో ఎద్దు కూడా రాదు! ఆ విభాగంలో చిత్రంలోనికి ఏదీ చేర్చరాదు, ఉన్నదానిని తుడిచివేయరాదు. ట్రైప్ మబ్బులు అక్కడ చెల్లవు. ఫోటోకన్నా ఆ ప్రాణి క్షేమమే మిన్న అన్నది కూడా ఆ విభాగపు సూత్రమే.

ఈ చివరి సూత్రం మనకు ప్రాణాల మీది విషయం. రాగి చేలు పండే చలికాలంలో బన్నేరుఘట్ట వైపు నుండి తళి, జవళగిరి అడవుల మీదుగా ఏనుగులు హోసూరు పరిసరాలకు వస్తాయి. శానమావు అడవిలో విడిది చేస్తాయి. ఆ వార్త తెలియగానే ఫోనులు పట్టుకొని పరుగెత్తే కుర్రవాళ్ళను మనం చూస్తూనే ఉన్నాము. సాధారణ ఫోనులో అధిక జూమ్ చిత్రాన్ని సాగదీస్తుందే తప్ప వివరాన్ని పెంచదు. అందుకే వారు ఇంకా దగ్గరకు పోతారు. వన్యప్రాణుల ఫోటోలు తీసే నిపుణులు పొడవైన లెన్సులతో చాలా దూరంలో నిలుస్తారు. ఏనుగు మనిషికన్నా వేగంగా పరుగెత్తుతుంది. చిత్రాన్ని మెచ్చుకొనే మిత్రబృందానికి ఇక్కడ బాధ్యత ఉన్నది. ప్రమాదంగా తీసిన ఏనుగు ఫోటోకు ఈ ఏడు చప్పట్లు కొడితే, వచ్చే ఏడు మరొకడు మరి పదడుగులు ముందుకు వేస్తాడు. అటువంటి ఫోటోను చర్చకే తీసుకొనరాదు.

ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రుల సంకోచం సమంజసమే. ముంగిట ముగ్గు వేస్తున్న అమ్మాయి ఫోటో సాయంత్రానికి మూడు ఊళ్ళు తిరుగుతుంది. కనుక ఆమెనూ, ఆమె పెద్దలనూ అడిగిన తరువాతే చూపించాలి. తీసివేయమంటే వాదించక తీసివేయాలి. విమర్శ వెలుగు మీద, కూర్పు మీద సాగాలి, రంగు రూపాల మీద కాదు. ఈ క్రమశిక్షణ ఉన్నచోటికే ఇంటివారు తమ కుమార్తెలను కెమెరా పట్టించి పంపగలరు. వంటిల్లు, పెరడు, అవ్వల చేతిపనులు ఆ అమ్మాయిలు తీయగలిగినట్లు మగపిల్లలు తీయలేరు.

మన పొలాల గట్ల మీది వీరగల్లులను తీసేవారికి ఒక్క మాట. చెక్కడం స్పష్టంగా రావాలని సుద్దముక్కతో గీయరాదు, రాతి చిత్రాల మీద నీళ్ళు చల్లరాదు. ఉదయం ఏడెనిమిది గంటలకో, సాయంత్రం ఎండ వాలినప్పుడో వెలుగు ప్రక్కనుండి రాచుకొంటూ పడేవేళ తీస్తే అక్షరాలు వాటంతట అవే పైకి లేస్తాయి.

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది చిత్రపు పరిమాణాన్ని కుదిస్తుంది. చర్చకు పెట్టే చిత్రాన్ని డాక్యుమెంటుగా పంపడం మేలు. ఇంకా మేలైనది నెలకొక చిత్రాన్ని ప్రింటు వేయించి పెద్దల ముందు కూడా పెట్టడం. పాడుబడిన కపిల బావి ఫోటోను పిల్లలు "పాత బావి" అంటారు. తాతలైతే కపిల, బాన, మోకు అంటూ ఒక్కొక్క భాగం పేరు చెప్పి, ఏది ఎక్కడ ఉండేదో చూపిస్తారు. ఆ పేర్లను, ఊరును, తేదీని ప్రింటు వెనుక మెత్తని పెన్సిలుతో, తెలుగులోను తమిళంలోను వ్రాసి ఉంచాలి. బాల్ పెన్నుతో వ్రాస్తే ఒత్తిడికి ముందువైపు గీతలు తేలుతాయి.